చైన్ సా ఇంజన్ పైభాగం విప్పి కొత్త సిలిండర్, పిస్టన్ బిగించడం: సమగ్ర మార్గదర్శి

తాడు లాగితే చేతికి ఏ అడ్డూ తగలకుండా వచ్చేస్తున్నా, వేడెక్కాక ఆగిపోయి పూర్తిగా చల్లారేదాకా స్టార్ట్ కాకపోయినా, కోత మధ్యలో పట్టేసి తాడు అసలు కదలకపోయినా, చైన్ సాలో లోపం చాలావరకు ఇంజన్ పైభాగంలోనే ఉంటుంది. పైభాగం అంటే సిలిండర్, పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్, ఆ పిన్ తిరిగే చిన్న బేరింగు. వీటిని మార్చడం ఒక పూటలో అయ్యే పని. అయితే కొత్త పిస్టన్ వేసిన మిషను కొద్ది రోజులకే మళ్లీ పట్టేసిందని అడిగేవారే ఎక్కువ. అలాంటి మిషన్లలో చాలావాటికి, పాత పిస్టన్ ఎందుకు పోయిందో చూడకుండానే కొత్తది బిగించి ఉంటారు. అందువల్ల ఇక్కడ బిగింపు కంటే పరీక్షలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఉదాహరణగా తీసుకున్నవి మన దగ్గర ఊరూరా కనిపించే, 52 సీసీ, 58 సీసీ పేర్లతో అమ్మే చైనా మిషన్లు. వీటిలో సిలిండర్ విడి భాగంగా, నాలుగు బోల్టులతో క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే కింది పెట్టె) మీద కూర్చుంటుంది. హస్క్‌వర్నా 365, 372 తీరు కూడా ఇదే. స్టిల్ ఎంఎస్ 180, ఎంఎస్ 250 మాత్రం వేరు. వాటిలో సిలిండర్ అడుగు భాగమే క్రాంక్ బేరింగులకు పై సగంగా ఉంటుంది కనుక ఇంజన్ మొత్తాన్ని బాడీ నుంచి బయటికి తీయాలి, తిరిగి కలిపేటప్పుడు గాస్కెట్ బదులు సీలెంట్ వాడాలి. విప్పే వరుస వాటికి సరిపోదు గానీ, కారణాలు వెతికే పద్ధతి సరిపోతుంది.

## 1. విప్పకముందు చేయవలసిన పరీక్షలు

ముందుగా సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. తాడును నెమ్మదిగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ కదిలిస్తే దాని గోడ, రింగులు కనిపిస్తాయి. గోడ నున్నగా, సన్నని అడ్డ గీతల మెషినింగ్ గుర్తులతో ఉంటే మంచిది. నిలువుగా లోతైన గీతలు ఉన్నా, రింగు గాడిలో అతుక్కుపోయి కనిపించినా పైభాగం విప్పక తప్పదు.

తరువాత ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలవాలి. గేజ్‌కు గాలిని వెనక్కి పోనివ్వని వాల్వు ప్లగ్గు వైపు కొనలోనే ఉండాలి. పొడవైన పైపుకు మీటరు దగ్గర వాల్వు ఉన్న కారు గేజ్ ఇంత చిన్న ఇంజన్‌లో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. స్విచ్ ఆపి, చోక్ వేయకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ముల్లు ఇక పెరగడం ఆగేదాకా తాడు లాగాలి.

- 130 నుంచి 170 పీఎస్ఐ మధ్య ఉంటే పైభాగం బాగున్నట్లే. లోపాన్ని కార్బొరేటర్‌లోనో, కరెంటులోనో వెతకాలి.
- 110 చుట్టుపక్కల ఉంటే స్టార్ట్ కావడం కష్టమవుతుంది, ముఖ్యంగా వేడి మీద.
- 100 కంటే తక్కువైతే విప్పాలి.

ఒక హెచ్చరిక. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి కొలిస్తే కంప్రెషన్ ఎక్కువగా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ మిషను కొనేటప్పుడు ప్లగ్గు ముందే తీసి ఉంచిన అమ్మకందారుణ్ణి ఈ విషయంలో కాస్త అనుమానించవచ్చు.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

కొలత విషయంలో స్టిక్కర్‌ను నమ్మకండి. 58 సీసీ అని రాసి ఉన్న చాలా మిషన్లలో ఉండేది 45.2 మి.మీ. పిస్టన్, 52 సీసీ అని రాసినవాటిలో కూడా కొన్నింటికి అదే ఉంటుంది. పాత పిస్టన్ వ్యాసం, పిస్టన్ పిన్ వ్యాసం, రింగు మందం వెర్నియర్‌తో కొలిచాకే కిట్ కొనాలి.

- పిస్టన్, రింగులు, పిన్, సర్‌క్లిప్‌లు (పిన్ జారిపోకుండా రెండు వైపులా పట్టే తీగ క్లిప్పులు) ఉన్న కిట్. సిలిండర్ పాడైతే సిలిండర్‌తో సహా
- చిన్న నీడిల్ బేరింగు, సిలిండర్ అడుగు గాస్కెట్, సైలెన్సర్ గాస్కెట్, కార్బొరేటర్ వైపు గాస్కెట్లు
- కార్బొరేటర్ డయాఫ్రమ్ కిట్, పెట్రోల్ పైపు, ట్యాంకులోని ఫిల్టరు
- 4 మి.మీ., 5 మి.మీ. టీ-హ్యాండిల్ ఎలెన్ కీలు, సన్న ముక్కు పట్టుకారు, ఫీలర్ గేజ్, వెర్నియర్
- మంచి 2టి (టూ-స్ట్రోక్) ఆయిల్, నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డ, చిన్న బోల్టులు విడివిడిగా పెట్టుకునే డబ్బాలు
- కళ్లజోడు, రబ్బరు తొడుగులు

కిట్ ధరలో తేడా చాలా ఉంటుంది. చవక కిట్‌లో పిస్టన్ ఫర్వాలేదనిపించినా సర్‌క్లిప్‌లు తరచూ మెత్తగా ఉంటాయి. నేనైతే సర్‌క్లిప్‌లనూ బేరింగునూ పేరున్న కంపెనీవే విడిగా కొంటాను. అంత చిన్న తీగ ముక్క ఊడితే కొత్త సిలిండర్ మొత్తం పోతుంది.

## 3. విప్పే వరుస

పెట్రోల్ ఖాళీ చేసి, బార్, చైను తీసి, మిషను మొత్తం బ్రష్‌తోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. రంపపు పొట్టు ఉన్న మిషను విప్పితే ఆ పొట్టు నేరుగా క్రాంక్‌కేస్‌లో పడుతుంది.

1. ప్లగ్గు వైరు, పై మూత, ఎయిర్ ఫిల్టరు తీయండి.
2. చోక్, యాక్సిలరేటర్ కడ్డీలు ఎలా తగిలించి ఉన్నాయో ఫోటో తీసుకుని, కార్బొరేటర్ విప్పండి.
3. కార్బొరేటర్ వెనక ఉన్న ఇన్‌టేక్ బ్లాకు, గాస్కెట్లు ఏ వైపుకు ఎలా ఉన్నాయో మరో ఫోటో తీయండి. ఇది తరువాత చాలా అవసరమవుతుంది.
4. సైలెన్సర్ తీయండి. ఇగ్నిషన్ కాయిల్‌గానీ, దాని వైర్లుగానీ సిలిండర్‌కు అడ్డుగా ఉంటే అవీ తీయండి.
5. సిలిండర్ నాలుగు బోల్టులను మూలమూలకు కొద్దికొద్దిగా వదులు చేసి తీయండి.
6. సిలిండర్‌ను తిప్పకుండా నిటారుగా పైకి లాగండి. గాస్కెట్ పట్టుకుని రాకపోతే రబ్బరు సుత్తితో పక్క నుంచి మెల్లగా తట్టండి. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే కూర్చునే ముఖం మీద గాటు పడి, అక్కడి నుంచి ఎప్పటికీ గాలి లాగుతుంది.
7. పిస్టన్ కనిపించగానే కనెక్టింగ్ రాడ్ చుట్టూ గుడ్డ కుక్కి క్రాంక్‌కేస్ నోరు మూయండి. సర్‌క్లిప్ తీసేటప్పుడు అది ఎగిరితే గుడ్డ మీదే పడాలి. తరువాత పిన్ నెట్టి పిస్టన్‌ను బయటికి తీయండి.

క్లచ్, ఫ్లైవీల్ ఈ పనికి విప్పనక్కరలేదు. క్రాంక్ సీళ్లు (క్రాంక్ రెండు చివరల గాలి లీకు కాకుండా ఆపేవి) మార్చవలసి వచ్చి క్లచ్ తీయాల్సి వస్తే అది ఎడమ మర అని, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుందని గుర్తుంచుకోండి.

## 4. పాత పిస్టన్ చెప్పే కారణం

ఈ ఒక్క అంశానికి ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. పిస్టన్‌ను కడగకుండా, ఎగ్జాస్ట్ వైపు ఏదో గుర్తు పెట్టుకుని, వెలుతురులో తిప్పి చూడాలి.

ఎగ్జాస్ట్ వైపు మాత్రమే గీతలు. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఆయిల్ కలపని పెట్రోల్ పోయడం, లేదా పెట్రోల్ తక్కువగా, గాలి ఎక్కువగా అందడం దీనికి కారణం. ఆయిల్ లేని పెట్రోల్ అయితే పిస్టన్ నెత్తి మీద తడి మసి ఉండదు, గోడ పొడిగా, మెరుస్తూ ఉంటుంది. గాలి ఎక్కువైతే అది ఎక్కడి నుంచి వస్తోందో 9వ అంశంలోని పరీక్షతో తేలుతుంది.

ఇన్‌టేక్ వైపు అరుగుదల, మసకబారిన బూడిద రంగు. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, సరిగా కూర్చోకపోయినా లోపలికి వచ్చిన దుమ్ము ఇలా అరగదీస్తుంది. కొబ్బరి, తాటి మొద్దులు కోసే మిషన్లలో సన్నని పీచు పొడి ఫిల్టరును త్వరగా మూసేస్తుంది. విసుగుతో ఫిల్టరు తీసేసి కోసేవారి పిస్టన్లు అన్నీ ఒకేలా ఉంటాయి.

చుట్టూ నాలుగు చోట్ల గీతలు. ఇంజన్ చల్లబడలేదు. సిలిండర్ రెక్కల మధ్య పొట్టు, ఆయిల్ కలిసి గట్టిపడి ఉంటుంది. ఫ్లైవీల్ రెక్కలు విరిగి ఉన్నా ఇదే జరుగుతుంది.

పిన్ రంధ్రం వరుసలో లోతైన ఒక్క గాడి. సర్‌క్లిప్ ఊడి తిరిగింది. క్రాంక్‌కేస్‌లో దాని ముక్కలు ఉంటాయి, వెతికి తీయాలి.

నెత్తి మీద చిన్నచిన్న గుంటలు. బేరింగు ముక్కలో, విరిగిన రింగు ముక్కలో పైన నలిగాయి. చిన్న నీడిల్ బేరింగు, క్రాంక్ బేరింగులు రెండూ చూడాలి. కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ కదిపితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొంచెం కదలడం సహజం. నిలువు ఆట ఉన్న ఇంజన్‌కు కొత్త పైభాగం వేయడం డబ్బు వృథా.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20. ఇథనాల్ మండడానికి పెట్రోల్ కంటే తక్కువ గాలి చాలు గనుక, పాత సెట్టింగు మార్చని కార్బొరేటర్‌లో అదే మిశ్రమం గాలి ఎక్కువైనట్లు పనిచేస్తుంది. పైగా అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, డయాఫ్రమ్‌లను ఉబ్బిస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచిన పెట్రోల్‌తో ఎగ్జాస్ట్ వైపు గీతలు పడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

## 5. పాత సిలిండర్‌ను కాపాడుకోవచ్చా?

బైకు ఇంజన్‌కు అలవాటు పడినవారు వెంటనే లేత్ షాపుకు పరిగెత్తి, బోర్ వేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దామంటారు. చైన్ సాకు అది కుదరదు. దీని సిలిండర్‌లో ఇనుప స్లీవ్ ఉండదు. అల్యూమినియం గోడ మీద క్రోమ్ లేదా నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన) పూత సన్నగా వేసి ఉంటుంది. బోర్ వేస్తే పూత పోయి, మెత్తని అల్యూమినియం బయటపడుతుంది. హోనింగ్ రాళ్లు కూడా పెట్టకూడదు.

అయితే గోడ మీద కనిపించే గీతల్లో చాలావరకు పూతకు పడినవి కావు, పిస్టన్ అల్యూమినియం కరిగి దానికి అంటుకున్నవి. వాటిని ఇలా తీయవచ్చు.

1. ఆరుబయట, కళ్లజోడు, తొడుగులు వేసుకుని, బాత్‌రూం కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఇయర్ బడ్‌తో ఆ మరకల మీద మాత్రమే రాయాలి. బ్లీచింగ్ ద్రవం దగ్గరలో కూడా ఉండకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.
2. అల్యూమినియం ఉన్నచోట నురగ వస్తుంది. కొద్ది క్షణాలు ఉంచి తుడిచి, మళ్లీ రాయాలి. నురగ ఆగిందంటే అంటుకున్నది పోయినట్లే.
3. రంధ్రాల అంచులకు యాసిడ్ తగలనివ్వకండి. అక్కడ పూత లేని అల్యూమినియం ఉంటుంది, దాన్ని యాసిడ్ తినేస్తుంది.
4. వంట సోడా కలిపిన నీటితో, తరువాత మంచి నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయండి.
5. 400 నంబరు నీటి ఎమెరీ కాగితంతో అడ్డంగా, ఏటవాలుగా చేత్తో తేలికగా రుద్దండి.

ఇప్పుడు గోరు నిలువునా కాకుండా అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకున్నా, పూత లేచి లోపలి మెత్తని లోహం కనిపించినా, నురగ ఎంతకీ ఆగకపోయినా సిలిండర్ మార్చాల్సిందే.

## 6. బిగించేముందు కొత్త భాగాల తనిఖీ

కొత్తది కదా అని పెట్టె నుంచి తీసి నేరుగా బిగించకూడదు. చవక సిలిండర్లలో పోత ఇసుక, లోహపు పొడి రంధ్రాల మూలల్లో మిగిలి ఉంటాయి. సబ్బు నీటితో, బ్రష్‌తో కడిగి, గాలి కొట్టి, ఆయిల్ రాయాలి.

తరువాత రంధ్రాల అంచుల మీదుగా వేలు పోనివ్వండి. కత్తిలా తగిలితే రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. సన్న ఎమెరీ కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి, అంచు పదును పోయేంతవరకు మాత్రమే రుద్ది, మళ్లీ కడగండి.

రింగు సందు తప్పక కొలవండి. రింగును ఒంటిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ నెత్తితో సమంగా లోపలికి నెట్టి, రెండు కొనల మధ్య ఫీలర్ గేజ్ పెట్టాలి. 45 మి.మీ. బోరుకు 0.15 నుంచి 0.3 మి.మీ. వరకు ఉంటే సరిపోతుంది. సందు అసలు లేకపోతే వేడికి కొనలు ఒకదాన్నొకటి నెట్టుకుని రింగు విరుగుతుంది. సన్న ఆకురాయితో కొనను కొంచెం రుద్ది సరిచేయాలి.

## 7. పిస్టన్ బిగించడం

పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు ఉంటుంది. అది ఎగ్జాస్ట్ వైపు చూడాలి. గుర్తు లేని పిస్టన్‌లో రింగు గాడిలోని చిన్న పిన్నులు ఇన్‌టేక్ వైపు ఉండేలా పెట్టాలి. తిరగేసి పెడితే రింగు కొనలు ఎగ్జాస్ట్ రంధ్రంలోకి దూరి మొదటి స్టార్ట్‌లోనే విరుగుతాయి.

ఒక వైపు సర్‌క్లిప్ ముందే పెట్టి, బేరింగుకు 2టి ఆయిల్ రాసి, పిన్‌ను వేలితోనే నెట్టండి. బిగువుగా ఉంటే పిస్టన్‌ను వేడి నీటిలో ఉంచి తుడిచి పెట్టండి గానీ, రాడ్ వంగేలా సుత్తితో కొట్టకండి. రెండో సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందని చిన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కి నిర్ధారించుకోండి. దాని తెరిచిన నోరు పైకి గానీ, కిందికి గానీ ఉండాలి. పక్కకు ఉంటే పిస్టన్ ఊపుకు ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. పాత సర్‌క్లిప్ ఎంత బాగున్నా మళ్లీ వాడకూడదు.

## 8. సిలిండర్ దించడం

క్రాంక్‌కేస్ ముఖాన్ని శుభ్రం చేసి కొత్త గాస్కెట్ పెట్టండి. పవర్ పెరుగుతుందని గాస్కెట్ తీసేసి బిగించమనే సలహా వింటుంటాం. పిస్టన్‌కూ సిలిండర్ పైకప్పుకూ మధ్య 0.5 మి.మీ. కంటే తక్కువ మిగిలితే అవి తగులుకుంటాయి. సందేహం ఉంటే బిగించాక, 1.5 మి.మీ. సోల్డర్ తీగను ప్లగ్గు రంధ్రం గుండా పిన్ ఉన్న దిశలో గోడకు తగిలేలా పెట్టి, తాడును ఒకసారి లాగి, నలిగిన మందం కొలవండి.

చెక్క ముక్కకు రాడ్ పట్టేంత గాడి కోసి పిస్టన్ కింద పెడితే అది కదలకుండా నిలుస్తుంది. రింగు కొనలను గాడిలోని పిన్నుల దగ్గర సరిచూసి, ప్లాస్టిక్ ట్యాగ్‌తో లేదా నీళ్ల సీసా నుంచి కోసిన పట్టీతో రింగులను నొక్కి పట్టండి. సిలిండర్ గోడకూ, పిస్టన్‌కూ పలచగా ఆయిల్ రాసి, నిటారుగా దించండి. ఎక్కడైనా ఆగితే బలం పెట్టకుండా పైకి తీసి, రింగు ఎక్కడ తట్టుకుందో చూడండి. దించేటప్పుడు సిలిండర్‌ను అటూ ఇటూ తిప్పడం వల్లే కొత్త రింగులు ఎక్కువగా విరుగుతున్నాయి.

నాలుగు బోల్టులను ముందు వేలితో, తరువాత ఎదురెదురు మూలల్లో రెండు విడతలుగా బిగించండి. ఇంత చిన్న బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు.

## 9. గాలి లీకు పరీక్ష

ఎక్కువమంది వదిలేసేది ఇదే. ప్రత్యేక పరికరం లేకపోయినా పాత బీపీ మిషను గాలి బుడ్డి, మీటరు సరిపోతాయి.

సైలెన్సర్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగిస్తే ఎగ్జాస్ట్ మూసుకుంటుంది. ప్లగ్గును గట్టిగా బిగించండి. కార్బొరేటర్ స్థానంలో, గాలి గొట్టం దూరే ఒక రంధ్రం చేసిన అల్యూమినియం బిళ్లను, మందపాటి రబ్బరు అంచుతో బిగించండి. ఇన్‌టేక్ రంధ్రం, దాని పక్కనే క్రాంక్‌కేస్ నుంచి వచ్చే చిన్న ఇంపల్స్ రంధ్రం రెండూ ఆ రబ్బరు లోపలి వైపే తెరిచి ఉండాలి.

పిస్టన్‌ను పైకి తెచ్చి, మీటరులో 250 (మి.మీ. పాదరసం) వరకు గాలి నింపండి. ఒక నిమిషం పాటు ముల్లు నిలవాలి. పడిపోతుంటే సిలిండర్ అడుగు, ఇన్‌టేక్ బ్లాకు, క్రాంక్ రెండు చివరల సీళ్ల దగ్గర సబ్బు నీళ్లు వేసి బుడగల కోసం చూడండి. తరువాత గాలి పూర్తిగా వదిలేసి, పిస్టన్‌ను కిందికి దించి, మళ్లీ నింపి చూడండి. గాలి ఉండగా తాడు లాగితే ఒత్తిడి పెరిగి మీటరు పాడవుతుంది.

గాలి నిలిచినా కొన్ని సీళ్లు లోపలికి గాలి లాగుతాయి. వాక్యూమ్ పంపు దొరికితే ఆ పరీక్ష కూడా చేయండి. సీళ్లు కారుతుంటే అవి మార్చకుండా ముందుకు వెళ్లవద్దు.

## 10. కార్బొరేటర్, ఆయిల్ పాళ్లు

గాస్కెట్లు బిగించేటప్పుడు ముందు తీసిన ఫోటో చూసుకోండి. కార్బొరేటర్ పెట్రోల్ తోడుకునేది ఇంపల్స్ రంధ్రం గుండా వచ్చే క్రాంక్‌కేస్ గాలి ఒత్తిడితోనే. గాస్కెట్ తిరగబడితే ఆ రంధ్రం మూసుకుపోయి, తోడుకునే శక్తి ఉండదు. కంప్రెషన్ బాగుండి, ప్లగ్గులో కరెంటు వస్తూ, కార్బొరేటర్‌లోకి నాలుగు చుక్కలు వేస్తే ఒక్క క్షణం పేలి ఆగిపోయే మిషన్లలో ముందు చూడవలసింది ఇదే.

డయాఫ్రమ్, పెట్రోల్ పైపు, ఫిల్టరు కొత్తవి వేయండి. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోలేదని చూసుకోండి. కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య 0.3 మి.మీ. ఎడం ఉండాలి, ఒక విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సుమారుగా వస్తుంది.

- 25:1 పాళ్లకు లీటరు పెట్రోల్‌కు 40 మి.లీ. ఆయిల్
- 40:1 పాళ్లకు లీటరుకు 25 మి.లీ.
- 50:1 పాళ్లకు లీటరుకు 20 మి.లీ.

మిషను మీద రాసిన పాళ్లే వాడండి. మూత లెక్కన, కంటి లెక్కన పోయకుండా, కొలత గీతలున్న సీసా వాడండి. కొత్త ఇంజన్‌కు రెట్టింపు ఆయిల్ పోయాలన్న సలహాతో నేను ఏకీభవించను. ఆయిల్ పెరిగిన మేరకు అదే జెట్ గుండా వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది.

## 11. మొదటి స్టార్ట్, మొదటి కోతలు

కార్బొరేటర్ మీద పెట్రోల్ సరిచేసే ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలు రెండింటినీ బలం పెట్టకుండా మూసి, ఒకటి నుంచి ఒకటింపావు చుట్లు తెరవండి. స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు మామూలు వేగంలో (యాక్సిలరేటర్ నొక్కకుండా), మధ్యమధ్య కొద్దిగా పెంచుతూ నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. సైలెన్సర్ బోల్టులు మొదటి వేడికి వదులవుతాయి కనుక మళ్లీ బిగించండి.

హెచ్ స్క్రూ సరిచేసేటప్పుడు చెవి పెట్టి వినండి. కోత లేకుండా పూర్తి వేగం ఇచ్చినప్పుడు శబ్దం కొంచెం గరగరమంటూ, తడబడుతున్నట్లు ఉండాలి. దుంగలో దించగానే అది శుభ్రంగా మారాలి. కోత లేకుండానే సన్నగా కీచుమంటూ పరుగెత్తితే పెట్రోల్ చాలడం లేదు, వెంటనే హెచ్ స్క్రూను ఎడమకు తిప్పాలి. మొదటి రెండు ట్యాంకుల పాటు ఖాళీగా పూర్తి వేగంలో నడపకుండా, పదునైన చైనుతో మధ్యరకం దుంగలే కోయండి. మొద్దుబారిన చైను ఇంజన్‌ను అనవసరంగా వేడెక్కిస్తుంది.

## 12. బిగించాక వచ్చే సమస్యలు

- కంప్రెషన్ 120 దాటలేదు: రింగులు కూర్చోలేదు. మూడు నాలుగు ట్యాంకుల తర్వాత మళ్లీ కొలవండి. అప్పటికీ పెరగకపోతే రింగు సందు, సిలిండర్ గోడ చూడాలి.
- మామూలు వేగంలో దానంతటదే వేగం పెరుగుతోంది: గాలి లాగుతోంది. స్క్రూలతో సరిచేయడానికి ప్రయత్నించకుండా 9వ అంశానికి వెళ్లండి.
- తాడు లాగితే లోపల టక్కుమంటోంది: ఇక స్టార్ట్ చేయకండి. రింగు, సర్‌క్లిప్, పిస్టన్‌కూ సిలిండర్ పైకప్పుకూ మధ్య ఎడం వరుసగా చూడండి.
- వేడి మీద స్టార్ట్ కాదు, చల్లారితే అవుతుంది: కంప్రెషన్‌ను వేడి మీదే కొలవండి. బాగుంటే కాయిల్ మార్చి చూడండి.

మూడో ట్యాంకు తర్వాత సైలెన్సర్ మరోసారి విప్పి, టార్చి వేసి పిస్టన్ గోడను చూడండి. మెషినింగ్ గుర్తులు చెరగకుండా ఉంటే పూర్తి పనికి వాడవచ్చు. ఎగ్జాస్ట్ వైపు చిన్న గీత కనిపించినా అక్కడితో ఆపి, పెట్రోల్ పాళ్లు, హెచ్ స్క్రూ, గాలి లీకు ఈ వరుసలోనే తిరిగి పరీక్షించండి.